బ్లేక్ కవితల నుంచి జాజ్ ఆల్బమ్: కాగితం మీది మాట రికార్డు దాకా

కవిత్వం ఆధారంగా జాజ్ ఆల్బమ్ చేద్దామనుకున్నవాళ్లు చాలామంది మొదటి రోజే ఒకే పొరపాటు చేస్తారు. ఒకరు కవిత చదువుతుంటే వెనకాల సాక్సోఫోన్ వాయిస్తారు. పది నిమిషాలు బాగానే ఉంటుంది. ఆ తర్వాత చదువు దారి చదువుది, వాయింపు దారి వాయింపుది. కవిత మార్చి ఇంకోటి చదివినా సంగీతం అలాగే ఉంటుందంటే, ఆ కవితతో ఆ సంగీతానికి సంబంధం లేనట్టే.

కవితలో ఉన్న పద్ధతిని పట్టుకోవాలి. పాదంలో ఎన్ని అక్షరాలున్నాయి, ప్రశ్నకు జవాబు వచ్చిందా రాలేదా, ఏ మాట ఎన్నిసార్లు తిరిగి వచ్చింది, ఇవన్నీ వాయిద్యగాళ్లకు నియమాలుగా ఇవ్వాలి. అప్పుడు ఒక్క మాట వినపడకపోయినా అది ఆ కవిత సంగీతమే అవుతుంది. ఈ మార్గదర్శిలో విలియం బ్లేక్ (1757–1827) కవితలతో, అయిదుగురు వాయిద్యగాళ్లతో, రెండు వైపులా కలిపి సుమారు 37 నిమిషాల ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరిదాకా ఎలా కట్టాలో ఉంది.

బ్లేక్ దగ్గరికి జాజ్ వాళ్లు ఇంతకుముందే వెళ్లారు. డేవిడ్ ఆక్సెల్‌రాడ్ 1968లో క్యాపిటల్ సంస్థకు చేసిన 'సాంగ్ ఆఫ్ ఇన్నోసెన్స్'లో ఒక్క మాట కూడా లేదు. ఎర్ల్ పామర్ డ్రమ్స్, కారోల్ కే బేస్ గిటార్ పునాదిగా, వాటిపైన తీగ వాద్యాల, ఊదుడు వాద్యాల గుంపు ఉంటుంది. ఇంగ్లండ్‌లో మైక్ వెస్ట్‌బ్రూక్ పూర్తిగా వేరే దారి పట్టాడు. 1971లో ఏడ్రియన్ మిచెల్ నాటకం 'టైగర్' కోసం కట్టిన బాణీల నుంచి పెరిగి 1980లో వచ్చిన 'బ్రైట్ ఆజ్ ఫైర్'లో ఫిల్ మింటన్, కేట్ వెస్ట్‌బ్రూక్ బ్లేక్ మాటలనే గొంతెత్తి పాడారు. న్యూయార్క్‌లో జాన్ జోర్న్ 2012లో 'ఎ విజన్ ఇన్ బ్లేక్‌లైట్' చేశాడు. అదే ఏడు ఫ్రెంచి కవి రేంబో మీద ఇంకో ఆల్బమ్ చేశాడు. అందులో 'ఇల్యూమినేషన్స్' అనే భాగంలో పియానో వాయించేది ప్రతి స్వరమూ రాసిపెట్టినదే, బేస్, డ్రమ్స్ మాత్రం అప్పటికప్పుడు కల్పించేవి. పని మొదలుపెట్టే ముందు ఈ నాలుగూ వినండి. మొదటి మూడింటిలో ఒకే కవి దగ్గర నుంచి ఎంత వేర్వేరు సంగీతం వస్తుందో చెవికి తెలుస్తుంది.

1. ఏ కవితలు

ఒకే పుస్తకం తీసుకోండి. బ్లేక్ పెద్ద కావ్యం 'జెరూసలెం' నూరు పలకల పుస్తకం. మొదటి ప్రయత్నానికి అది వద్దు. 1789లో 'సాంగ్స్ ఆఫ్ ఇన్నోసెన్స్' వచ్చింది. 1794లో 'ఎక్స్‌పీరియన్స్' పాటలు చేర్చి రెండూ ఒకే సంపుటిగా వేశాడు. అమాయకత్వం ఒక వైపు, అనుభవం ఒక వైపు. రికార్డుకూ రెండు వైపులే.

ఈ సంపుటిలో జతలు ఉన్నాయి. 'ద లాంబ్' (గొర్రెపిల్ల)కు ఎదురుగా 'ద టైగర్'. 'హోలీ థర్స్‌డే' అనే పేరుతో రెండు వైపులా ఒక్కో కవిత. 'ద చిమ్నీ స్వీపర్' కూడా అంతే. మూడు జతలు, ఆరు కవితలు. ఏడోది చేర్చాలని మనసు లాగుతుంది, చేర్చకండి. జతలుగా నడిచే ఆల్బమ్‌లో ఒంటరి పాట వేలాడుతూ ఉంటుంది.

హక్కుల సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. బ్లేక్ మాటలు ఎవరైనా వాడుకోవచ్చు. తెలుగు అనువాదం చదివించాలనుకుంటే మాత్రం అనువాదకుడి హక్కు వేరుగా ఉంటుంది. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు లెక్క. రేంబో 1891లో పోయాడు కాబట్టి ఫ్రెంచి మూలానికి ఇబ్బంది లేదు, నిన్నమొన్నటి అనువాదానికి ఉంది. అట్ట మీద బ్లేక్ బొమ్మ వేయాలంటే, ఆ ప్రతి ఏ గ్రంథాలయానిదో, ఏ మ్యూజియానిదో చూసి వాళ్ల షరతులు చదవండి.

2. అక్షరాలు లెక్కపెట్టడం

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు. దీనికి రెండు వారాలు పెట్టినా తప్పులేదు.

'టైగర్' మొదటి పాదాన్ని గట్టిగా చదవండి: టై–గర్–టై–గర్–బర్–నింగ్–బ్రైట్. ఏడు అక్షరాలు. ఊనిక 1, 3, 5, 7 మీద. తెలుగు చెవికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. మనం అలవాటుగా లఘువు, గురువు చూస్తాం, అంటే అక్షరం ఎంతసేపు నిలిచిందీ అని. ఇంగ్లీషు పద్యం అలా నడవదు. అక్కడ అక్షరాన్ని ఎంత గట్టిగా నొక్కారన్నదే లెక్క. 'టైగర్'లోని 'గర్' మనకు గురువులాగే వినిపిస్తుంది, కానీ అది బలహీనమైన అక్షరం. మన ఛందస్సు గుర్తులు పెట్టి లయ కడితే డ్రమ్స్ ఒక చోట, కవిత ఇంకో చోట పడతాయి. కాబట్టి గణ విభజన పక్కన పెట్టి, నొక్కిన ప్రతి అక్షరం కింద పెన్సిల్‌తో చుక్క పెట్టండి.

ఏడు అనగానే కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు మిశ్రచాపు నోటికొస్తుంది: తకిట తకధిమి, మూడూ నాలుగూ. అదిక్కడ పనికిరాదు. మూడు తర్వాత రెండో గుంపు నాలుగో అక్షరం 'గర్' మీద మొదలవుతుంది, దెబ్బ బలహీనమైన చోట పడుతుంది. తిప్పి నాలుగూ మూడూ చేస్తే రెండో దెబ్బ అయిదో అక్షరం 'బర్' మీద పడి సరిగ్గా కూర్చుంటుంది. శ్యామశాస్త్రి కృతుల వల్ల పేరొచ్చిన విలోమ చాపు నడక ఇదే. కర్ణాటక లయ తెలిసిన డ్రమ్మర్‌కు ఈ ఒక్క మాట చెబితే గంట రిహార్సల్ మిగులుతుంది.

ఇప్పుడు అన్ని పాదాలూ లెక్కపెట్టండి. 'టైగర్' 24 పాదాలు, నాలుగేసి పాదాల ఆరు చరణాలు. పాదాలన్నీ ఏడక్షరాలవి కావు. మొదటి చరణం చివర 'కుడ్ ఫ్రేమ్ దై ఫియర్‌ఫుల్ సిమెట్రీ' ఎనిమిది. మూడో చరణంలో రెండు, అయిదో చరణంలో రెండు, ఆరో చరణంలో ఒకటి ఇలాంటివే. రెండో చరణం రెండో పాదంలోని 'ఫైర్'ను రెండక్షరాలుగా, నాలుగో పాదంలోని దాన్ని ఒకే అక్షరంగా పలికితే అక్కడ అన్నీ ఏడే. సుత్తి, గొలుసు, కొలిమి, దాగలి వచ్చే నాలుగో చరణంలో ఒక్క అక్షరం కూడా అదనంగా లేదు. చరణాల వారీగా 29, 28, 30, 28, 30, 29. మొత్తం 174.

ఈ 174 పాట ఎముక. నిమిషానికి 116 అక్షరాల వేగంతో వాయిస్తే కవిత మొత్తం సరిగ్గా 90 సెకన్లలో ఒక చుట్టు పూర్తవుతుంది. రెట్టింపు వేగంలో 45 సెకన్లు. ఎనిమిదక్షరాల పాదం వచ్చినప్పుడు మొదటి అక్షరం ఎత్తుగడ, దెబ్బ రెండో అక్షరం మీద. బృందాలు ఇక్కడే తడబడతాయి. ఏడుకు అలవాటుపడ్డ చెయ్యి ఎత్తుగడనే దెబ్బగా కొట్టేసి, తర్వాతి పాదమంతా ఒక అక్షరం ముందుకు జరిగిపోతుంది. మందు ఒక్కటే. ఆ ఆరు పాదాలనూ వేరే కాగితం మీద రాసుకుని, వాద్యం ముట్టకుండా చప్పట్లతో పది సార్లు పలకాలి.

'లాంబ్' 20 పాదాలు, పదేసి పాదాల రెండు చరణాలు. ప్రతి చరణంలో మొదటి రెండూ చివరి రెండూ ఆరక్షరాలవి, నడిమి ఆరూ ఏడక్షరాలవి. చరణానికి 66, మొత్తం 132. నిమిషానికి 66 అక్షరాలతో వెళ్తే ఒక్కో చరణం ఒక్కో నిమిషం. నడిమి పాదాలు 'టైగర్' పాదాల కొలతే. పులీ గొర్రెపిల్లా ఒకే నడకలో ఉన్నాయి, వేగమే తేడా. బ్లేక్ చెప్పదలచుకున్నది ఆ కొలతలోనే ఉంది, దాన్ని పోగొట్టకండి.

3. స్వరాలు పంచడం

గొర్రెపిల్లకు అయిదు స్వరాలు: సి, డి, ఇ, జి, ఎ. మన మోహన రాగం మెట్లే. సప్తకంలోని పన్నెండు మెట్లలో మిగిలిన ఏడూ పులివి: సి షార్ప్, డి షార్ప్, ఎఫ్, ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ షార్ప్, బి. ఒకదానిలో ఉన్న స్వరం రెండోదానిలో ఉండదు. ఏడక్షరాల పాదానికి ఏడు స్వరాలు కుదిరాయి కూడా.

ఇందులో ఒక గుంట ఉంది. ఆ ఏడు స్వరాలనూ వరసలో పెడితే అవి ఎఫ్ షార్ప్ మేజర్ స్కేలే. బేస్ వాయించేవాడు ఎఫ్ షార్ప్ మీద నిలబడితే పులి కాస్తా పెళ్లి ఊరేగింపు పాటలా తీపిగా మారిపోతుంది. బేస్ ఎఫ్ మీదే నిలవాలి. అప్పుడు అవే స్వరాలు ముడుచుకున్న, ఎక్కడా కుదురుకోని రంగులోకి మారతాయి. బేస్ కాగితం మీద 'ఎఫ్ షార్ప్ దాటిపోవచ్చు, ఆగకూడదు' అని పెద్దక్షరాలతో రాయండి.

టెనర్ సాక్సోఫోన్, ట్రంపెట్ రెండూ బి ఫ్లాట్ వాద్యాలు, అంటే కాగితం మీద సి అని రాస్తే బి ఫ్లాట్ వినిపించేవి. వాళ్ల కాగితాల్లో గొర్రెపిల్ల స్వరాలు డి, ఇ, ఎఫ్ షార్ప్, ఎ, బి అవుతాయి. పులివి ఎ ఫ్లాట్ మేజర్‌గా కనిపిస్తాయి. ఈ మార్పు చేయడం మరిచిపోతే మామూలు పాటలో వెంటనే తెలిసిపోతుంది. స్వేచ్ఛగా వాయించే సంగీతంలో మాత్రం అందరూ కావాలనే అలా వాయించారనుకుని, మిక్సింగ్ రోజున గానీ పట్టుబడదు.

'లాంబ్'లో మొదటి చరణం ప్రశ్న, రెండోది జవాబు. అందుకని రెండో చరణం చివర అందరూ సి మీదకు వచ్చి ఆగాలి. 'టైగర్' అంతా ప్రశ్నలే, జవాబు రాదు. అక్కడ ఎవరూ ఏ పాదం చివరా ఎఫ్ మీద ఆగకూడదు. ఎఫ్ మీద నిలబడేది బేస్ మాత్రమే.

ఊదుడు వాద్యం మాటలను పలికే పద్ధతికి జాన్ కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్' చూడాలి. 1964 డిసెంబర్‌లో రికార్డు చేసిన ఆ ఆల్బమ్ చివరి భాగం 'సామ్'లో ఆయన తను రాసిన కవితనే మాట మాటా సాక్సోఫోన్‌తో పలుకుతాడు. ఆ కవిత రికార్డు అట్ట మీదే అచ్చయి ఉంది, దాన్ని చేతిలో పెట్టుకుని వినండి. మీ సాక్సోఫోన్ వాయించేవాడికి స్వరాలు రాసిన కాగితం ఇవ్వకండి. పెద్దక్షరాల్లో కవితా, పక్కన ఏడు స్వరాల పేర్లూ చాలు. ఒక పాదం, ఒక ఊపిరి.

4. రెండు హోలీ థర్స్‌డేలు: ఆమ్లం పద్ధతి

బ్లేక్ తన పుస్తకాలను అచ్చుకూటానికి పంపలేదు. రాగి పలక మీద ఆమ్లం తినని ద్రవంతో అక్షరాలను తిరగేసి రాసి, ఆమ్లం పోసేవాడు. రాయని చోటంతా తినేసేది, అక్షరాలు ఎత్తుగా నిలిచేవి. వాటికి సిరా పూసి, కాగితం మీద అద్ది, భార్య కేథరిన్‌తో కలిసి రంగులు వేసేవాడు. తీసేయగా మిగిలినదే పుస్తకం. దీన్ని యథాతథంగా సంగీతంలో చేయవచ్చు.

అమాయకత్వం వైపు 'హోలీ థర్స్‌డే'లో ధర్మ పాఠశాలల బీద పిల్లలు ఎరుపు, నీలం, ఆకుపచ్చ దుస్తుల్లో ఇద్దరిద్దరుగా లండన్‌లోని సెయింట్ పాల్స్ చర్చికి నడుస్తారు. పాదానికి ఏడు ఊనికలు. నాలుగు పాదాల బాణీ కట్టండి, ఊనికకు ఒక స్వరం చొప్పున 28 స్వరాలు. కవితలో మూడు చరణాలు కాబట్టి మూడు చుట్లు. మొదట ట్రంపెట్ ఒక్కటే, తర్వాత ఇద్దరు, చివర అందరూ.

రెండో వైపు అదే పేరున్న కవితలో బ్లేక్ ఇంత సిరిగల దేశంలో ఇంతమంది బీద పిల్లలా అని నిలదీస్తాడు. నాలుగు చరణాలు. అదే బాణీ తీసుకుని నాలుగు చుట్లు వాయించండి. మొదటి చుట్టు 28 స్వరాలూ. రెండో చుట్టుకు ప్రతి ఒక్కరూ తమకు తోచిన ఏడు స్వరాలు వదిలేసి 21 వాయిస్తారు. మూడో చుట్టుకు 14. నాలుగో చుట్టుకు 7. వదిలిన స్వరం మళ్లీ పెట్టకూడదు, ఖాళీని దేనితోనూ నింపకూడదు. ఎవరు ఏం వదులుతారో ఒకరికొకరు చెప్పుకోకూడదు. నాలుగో చుట్టులో నలుగురి దగ్గరా మిగిలిన స్వరాలు అక్కడొకటి ఇక్కడొకటి మెరుస్తాయి. డ్రమ్మర్ లయ వాయించడు. చుట్టు మొదట్లో ఒక్క దెబ్బ, అంతే.

వాయిద్యగాళ్లందరూ బలహీనమైన స్వరాలే వదిలేసి, పాదం మొదటి స్వరాన్ని పట్టుకుని వేలాడితే మాత్రం ఇది చెడిపోతుంది. నాలుగో చుట్టులో అందరూ ఒకే చోట కలిసి, కవాతు కుంటినట్టు వినిపిస్తుంది. అందుకని మొదట వదిలే ఏడింటిలో నాలుగు పాదాల తొలి స్వరాలూ ఉండాలని నియమం పెట్టండి.

'చిమ్నీ స్వీపర్' జతలో వెతకవలసింది ఒక్క మాట. పొగగొట్టాలు ఊడ్చే పసివాడికి 'స్వీప్' అనడం కూడా ఇంకా నోరు తిరగదు. 'వీప్' అంటాడు, ఆ మాటకు ఏడుపు అని అర్థం. అమాయకత్వం వైపు ఆ మాట వరసగా నాలుగు సార్లు వస్తుంది, అనుభవం వైపు రెండు సార్లు. మొదటి కవిత 24 పాదాలు, రెండోది 12. అన్నీ సగమయ్యాయి. మీ పాటలో కూడా జి నుంచి ఇకి దిగే చిన్న కేక మొదటిదానిలో నాలుగు నాలుగుగా, రెండోదానిలో రెండు రెండుగా రావాలి. నిడివి ఏడు నిమిషాల నుంచి మూడున్నరకు దిగాలి. మొదటిసారి ట్రంపెట్, కాడ తీసేసిన హార్మన్ మ్యూట్‌తో (ట్రంపెట్ నోట్లో పెట్టి శబ్దం మార్చే లోహపు మూత). రెండోసారి డబుల్ బేస్, కమానుతో, పై తీగ మీద.

5. బృందం

టెనర్ సాక్సోఫోన్, ట్రంపెట్, వైబ్రాఫోన్ (కర్రలతో కొట్టే లోహపు పట్టీల వాద్యం), డబుల్ బేస్, డ్రమ్స్. వైబ్రాఫోన్ దొరకకపోతే పియానో. దాగలి చరణం కోసం పియానో తీగల మధ్య మరలు బిగించాలనుకుంటే, ముందు యజమాని ఒప్పుకోవాలి. తర్వాత కుడి పెడల్ తొక్కిపెట్టి, నడిమి సప్తకాల్లోని ఉత్త ఉక్కు తీగల మధ్యే పెట్టాలి. కింది తీగలకు రాగి చుట్టు ఉంటుంది, మర గీసుకుపోతుంది. అక్కడ రబ్బరు ముక్కలే.

ఎవరిని పిలవాలి అన్నదానికి మా కొలమానం ఒకటే: రెండు నిమిషాలు ఏమీ వాయించకుండా వినగలడా? వేగంగా వాయించేవాళ్లు దొరుకుతారు, ఆగేవాళ్లు అరుదు.

ట్రంపెట్, వైబ్రాఫోన్ ఎడమ వైపు జట్టు. సాక్సోఫోన్ కుడి వైపు. బేస్, డ్రమ్స్ నడుమ. మొదటి వైపు ఎడమవాళ్లు దారి చూపిస్తే కుడివాడు అనుసరిస్తాడు, రెండో వైపు తలకిందులు. ఆర్నెట్ కోల్‌మన్ 1960 డిసెంబర్‌లో రికార్డు చేసిన 'ఫ్రీ జాజ్'లో ఒక చతుష్టయాన్ని ఎడమ స్పీకర్‌లో, ఇంకోదాన్ని కుడి స్పీకర్‌లో పెట్టాడు. హెడ్‌ఫోన్స్‌తో వింటే ఎవరు ఎవరికి జవాబిస్తున్నారో విడివిడిగా తెలుస్తుంది.

6. కార్డులు

పూర్తి స్వరలిపి రాయకండి. మూడంగుళాలు అయిదంగుళాల కార్డులు చాలు, పాటకు తొమ్మిదికి మించకుండా. 'టైగర్' నాలుగో చరణం కార్డు ఇలా ఉంటుంది:

*నాలుగో చరణం. 28 అక్షరాలు, నాలుగూ మూడూ. డ్రమ్స్: రిమ్ (డ్రమ్ అంచు) మీద మాత్రమే, నొక్కిన అక్షరాలే. వైబ్రాఫోన్: కర్ర పిడితో, బి, ఎఫ్ కలిపి. సాక్సోఫోన్, ట్రంపెట్: మౌనం. ముగింపు: చివరి అక్షరం మీద అందరూ ఒకేసారి ఆగాలి. మూడు సెకన్లు నిశ్శబ్దం.*

పాదం, ఎవరు, ఏ స్వరాలు, ఎలా ముగుస్తుంది. ఈ నాలుగూ ఉంటేనే అది కార్డు. నాలుగోది మరిచిపోవడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. ముగింపు చెప్పకపోతే స్వేచ్ఛా వాయింపు ఎప్పుడూ ఒకేలా ముగుస్తుంది: ఒక్కొక్కరూ నెమ్మదిస్తారు, ఎవరూ ముందుగా ఆపడానికి ఇష్టపడరు, నిమిషంన్నర నీరసంగా కారిపోతుంది. ఆరు పాటలు అలాగే ముగిస్తే వినేవాడు మూడో పాట తర్వాత మళ్లీ రాడు.

చేతి సైగలు అయిదు చాలు: మొదలు, ఆగు, ఇప్పుడు చేసినదే మళ్లీ, పట్టి నిలుపు, ఇతనొక్కడే. బుచ్ మోరిస్ సైగలతోనే పెద్ద బృందాలను నడిపించాడు, ఆయన పట్టిక చాలా పెద్దది. అయిదుగురికి అయిదు సైగలు ఒక సాయంత్రంలో వంటబడతాయి.

గొంతు కావాలా? ఆల్బమ్ మొత్తంలో రెండు చోట్లే పెట్టండి. 'లాంబ్' మొదటి చరణం, 'టైగర్' అయిదో చరణం చివరి పాదం. ఆ పాదంలోనే కవి గొర్రెపిల్లను చేసినవాడే నిన్నూ చేశాడా అని పులిని అడుగుతాడు. నటన లేకుండా, ఉత్తరం చదివినట్టు చదవాలి. బ్లేక్ తన పాటలను తనే బాణీ కట్టి పాడేవాడని ఆయన్ని ఎరిగినవాళ్లు చెప్పారు. ఆ బాణీలను ఎవరూ రాసిపెట్టలేదు. ఆయన బాణీ ఇలాగే ఉండేదని మనం నటించనక్కర్లేదు.

7. రిహార్సల్

మూడేసి గంటల చొప్పున నాలుగు. మొదటిది వాద్యాలు లేకుండా: కవితలు గట్టిగా చదవడం, చప్పట్లు, ఆ ఆరు ఎనిమిదక్షరాల పాదాలు. రెండోది లెక్క ఉన్న భాగాలు. మూడోది కార్డులు, సైగలు, ముఖ్యంగా ముగింపులు. ముగింపులను విడిగా, వెనక నుంచి అరనిమిషం మాత్రమే వాయించి సాధన చేయండి. నాలుగోది మొత్తం ఒక్కసారి ఆగకుండా, ఫోన్‌లో రికార్డు చేసి, ఆ రోజు వినకుండా మర్నాడు వినాలి. అయిదో రిహార్సల్ పెట్టకండి. అప్పటికి ఎవరేం చేస్తారో అందరికీ తెలిసిపోయి, కల్పన కాస్తా అప్పజెప్పడమవుతుంది.

8. రికార్డింగ్

రెండు రోజులు, ఒకే గది, ఒకరినొకరు చూసుకునేలా అర్ధచంద్రాకారంగా, మధ్య రెండున్నర నుంచి మూడు మీటర్ల దూరంలో. డ్రమ్మర్‌ను గాజు గదిలో పెట్టకండి, సైగలు అందవు. ఒకరి శబ్దం ఇంకొకరి మైకులో పడుతుంది, పడనివ్వండి. ఆ మేరకు తర్వాత దిద్దుకునే వీలు పోతుందని మాత్రం అందరికీ ముందే చెప్పండి.

సాక్సోఫోన్‌కు మైకు 30 నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో, గంట ఆకారపు నోటికి సూటిగా కాకుండా మీటల మధ్యభాగం వైపు చూస్తూ ఉండాలి. గంట నోట్లో పెడితే కింది స్వరాలు బండగా, పైవి చెవిలో గుచ్చుకునేలా వస్తాయి. ట్రంపెట్‌కు రిబ్బన్ మైకు బాగుంటుంది, అరమీటరు పైనే దూరం. పాత రిబ్బన్ మైకు ఉన్న చానల్‌కు 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు ఆపి ఉందో లేదో తీగ తగిలించే ముందే చూడండి. తీగలో లోపం ఉంటే రిబ్బన్ సాగిపోతుంది. డబుల్ బేస్‌కు వంతెన దగ్గర 20–30 సెంటీమీటర్లలో ఒక మైకు, తోడుగా పికప్ లైను. కమానుతో వాయించేటప్పుడు పికప్ శబ్దం ముక్కుతో మాట్లాడినట్టుంటుంది, మైకునే నమ్మండి. డ్రమ్స్‌కు నాలుగు మైకులు చాలు. పైనున్న రెండూ స్నేర్ మధ్య నుంచి ఒకే దూరంలో ఉండాలి, తీగతో కొలవండి. తేడా ఉంటే స్నేర్ పలచబడి ఒక పక్కకు జారుతుంది.

24 బిట్, 96 కిలోహెర్ట్జ్. అతి పెద్ద శబ్దం మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకోండి. సౌండ్ చెక్‌లో ఎవరూ పూర్తి బలంతో వాయించరు, టేక్‌లో వాయిస్తారు.

పాటకు మూడు టేకులు. మూడోదానికీ రాకపోతే తర్వాతి పాటకు వెళ్లి సాయంత్రం మళ్లీ రండి. మొదటి రోజు పొద్దున 'టైగర్' పెట్టకండి. పెదవులు అలసిపోయి, ట్రంపెట్ మధ్యాహ్నానికి మూగబోతుంది. 'లాంబ్'తో మొదలుపెట్టి, 'టైగర్' రెండో రోజు మధ్యాహ్నం.

9. కూర్పు, మిక్సింగ్

కత్తెర కార్డు సరిహద్దుల్లోనే. ఒక టేకు నుంచి రెండో కార్డు, ఇంకో టేకు నుంచి మూడో కార్డు తీసుకోవచ్చు. ఒక కార్డు లోపల మాత్రం కోయకూడదు. ముగ్గురు ఒకరినొకరు వింటూ చేసిన పని మధ్యలో ముక్కలు కలిపితే, ఎవరూ అడగని ప్రశ్నకు జవాబిస్తున్నట్టు వినిపిస్తుంది. మైకుల్లో ఒకరి శబ్దం ఇంకొకరిది కలిసి ఉంటుంది కాబట్టి అన్ని ట్రాకులనూ ఒకే చోట కోసి, 10 నుంచి 30 మిల్లీసెకన్ల అతుకు వేయండి. కార్డు చివర పెట్టిన మూడు సెకన్ల నిశ్శబ్దంలో గది శబ్దం అలాగే ఉండాలి. దాన్ని పూర్తిగా తుడిచేస్తే స్పీకర్ చెడిపోయిందనుకుంటారు.

స్ట్రీమింగ్ మాస్టర్ (చివరి ప్రతి) సగటు మైనస్ 18 నుంచి మైనస్ 16 లఫ్స్ (వినిపించే బలం కొలత) మధ్య, శిఖరం మైనస్ 1. పెద్ద స్ట్రీమింగ్ వేదికలు మైనస్ 14 దగ్గరకు సమం చేస్తాయని దానికోసం నొక్కితే, పులికీ గొర్రెపిల్లకూ మధ్య ఉన్న బలం తేడా అంతా పోతుంది.

10. వరస, రికార్డు

మొదటి వైపు: చిమ్నీ స్వీపర్ 7 నిమిషాలు, హోలీ థర్స్‌డే 6, లాంబ్ 5. రెండో వైపు: టైగర్ 8, హోలీ థర్స్‌డే 7, చిమ్నీ స్వీపర్ మూడున్నర. వైపుకు 18, పద్దెనిమిదిన్నర. అద్దంలో చూసినట్టు వరస తిరగబడింది. గొర్రెపిల్ల దగ్గర మొదటి వైపు అయిపోతుంది, వినేవాడు లేచి రికార్డు తిప్పుతాడు, పులి మొదలవుతుంది.

దీనికి సాంకేతిక కారణమూ ఉంది. 33⅓ వేగంలో తిరిగే రికార్డు మీద ముల్లు లోపలికి వెళ్లేకొద్దీ గాడి నెమ్మదిస్తుంది, గట్టి శబ్దం, పదునైన శబ్దం బరబరమంటాయి. అందుకే గట్టి పాటలు బయటి అంచున, మెత్తనివి లోపల. 'లాంబ్' చరణంలో 'సాఫ్టెస్ట్' లాంటి మాటల్లోని 'స్' శబ్దం లోపలి గాడిలో పళ్లు కరకరలాడినట్టు వస్తుంది. గొంతు ట్రాకులో 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య డీ–ఎస్సర్ ('స్' శబ్దాన్ని తగ్గించేది) వేయండి, చదువును పాట మొదట్లోనే ముగించండి. 150 హెర్ట్జ్ కింద ఉన్నదంతా నడుమకు తెచ్చి మోనో చేయాలి, లేకపోతే ముల్లు గాడి నుంచి ఎగిరిపడుతుంది. బేస్‌ను మొదటినుంచీ మధ్యలో పెట్టినందుకు ఇక్కడ పని తేలికవుతుంది. రికార్డు కోసం ఇచ్చే మాస్టర్‌లో లిమిటర్ (శిఖరాలను అణిచేది) వద్దు.

వైపుకు 22 నిమిషాలు దాటితే గాళ్లు సన్నబడి శబ్దం తగ్గుతుంది, ఉపరితలం గరగర పైకి వస్తుంది. బాగుందని ఒక టేకు పొడిగించాలనిపించినప్పుడు ఈ అంకె గుర్తుంచుకోండి.

స్వరకర్త పేరు ఎవరిది అన్నది స్టూడియోకు వెళ్లకముందే కాగితం మీద రాసి అందరూ సంతకం పెట్టాలి. కార్డు రాసినవాడు ఒకడు, స్వరం పుట్టించినవాళ్లు అయిదుగురు. సమానంగా పంచుకోవడం న్యాయం. మాటలు విలియం బ్లేక్‌వి అని ప్రతి పాట కింద విడిగా వేయండి, మాట వినపడని పాటల కింద కూడా.

ముద్రణకు ముందు వచ్చే నమూనా రికార్డును మంచి యంత్రం మీద ఒకసారి, ఇంట్లో మామూలు యంత్రం మీద ఒకసారి వినండి. మొదట రెండు వైపులా చివరి నిమిషం, తర్వాత 'టైగర్' అయిదో చరణం, ఆ తర్వాతే మొదటినుంచి.